ఆర్కుట్ నుంచి కూ దాకా: రాస్తే పలికేదెవరు?

సోషల్ నెట్‌వర్కుల సమీక్ష అనగానే ఫీచర్ల పట్టిక వేయడం అలవాటైపోయింది. ఫొటోలు ఎన్ని పెట్టొచ్చు, వీడియో ఎంతసేపు ఉండొచ్చు, మెనూలు తెలుగులో ఉన్నాయా అని చూస్తారు. ఆ లెక్కన 2011లో వచ్చిన గూగుల్ ప్లస్‌కీ, 2020లో మన భాషల కోసం ట్విట్టర్ తరహాలో వచ్చిన కూ యాప్‌కీ మంచి మార్కులు పడాలి. అప్పట్లో పడ్డాయి కూడా. రెండూ మూతపడ్డాయి. ఆల్బమ్‌లో పన్నెండు ఫొటోలకు మించి పెట్టనివ్వకుండా మొదలైన ఆర్కుట్ మాత్రం పదేళ్లు నడిచింది.

అందుకని ఇక్కడ కొలత ఒక్కటే. మామూలు మనిషి నాలుగు మాటలు రాస్తే, ఎవరు చదవాలని రాశాడో వాళ్లు చదివి జవాబివ్వడానికి ఎంతసేపు పడుతుంది? మధ్యలో ఎన్ని అడ్డంకులు దాటాలి? వేగం, భాష, భద్రత, డబ్బు అన్నీ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి చేరతాయి. తీసుకున్నవి ఎక్కువగా తెలుగువాళ్లు మనసుపెట్టి వాడి, తర్వాత వదిలేసినవి. ఆర్కుట్‌కు ఎక్కువ చోటిచ్చాం. గెలుపు కారణాలూ ఓటమి కారణాలూ ఒకే సైటులో అంత స్పష్టంగా మరెక్కడా కనబడవు.

ఆర్కుట్ 2004 జనవరి 24న మొదలైంది. గూగుల్‌లో ఇంజనీరుగా ఉన్న ఆర్కుట్ బుయుక్‌కోక్తెన్ తయారుచేశాడు, సైటుకు ఆయన పేరే పెట్టారు. మొదట్లో ఎవరైనా ఆహ్వానం పంపితేనే లోపలికి దారి. ఇది గొప్ప కోసం పెట్టిన నియమంలా కనబడుతుంది గానీ, చేసిన మేలు వేరు. ఆహ్వానం మీద వచ్చిన మనిషికి గడప దాటేసరికే తెలిసినవాడు ఒకడు ఖాయంగా ఉంటాడు. అతని స్నేహితుల జాబితా తెరిస్తే క్లాసులో సగం మంది కనబడతారు. ఖాళీ ఇంట్లోకి అడుగుపెట్టినట్టు ఎవరికీ అనిపించదు. అమెరికాలో పుట్టిన ఈ సైటు బ్రెజిల్‌లోనూ మన దేశంలోనూ పాతుకుపోయింది. ఎంతగా అంటే 2008లో గూగుల్ దాని నిర్వహణను బ్రెజిల్‌లోని తన ఆఫీసుకు అప్పగించింది.

ప్రతి ప్రొఫైలుకూ ఒక స్క్రాప్‌బుక్ ఉండేది. ఇంటి ముందు అరుగు లాంటిదది. ఎవరైనా వచ్చి రాసిపోవచ్చు, వీధిలో పోయేవాళ్లెవరైనా చదవొచ్చు. ఎన్ని స్క్రాపులు వచ్చాయన్న అంకె ప్రొఫైల్ మీదే కనబడేది, అది వెయ్యి దాటడం ఒక ముచ్చట. ఎవరైనా స్క్రాపు రాస్తే బదులు రాయడం మర్యాద. అంటే జవాబు చెప్పే అలవాటును సైటు నిర్మాణమే నేర్పింది. మొదటి నాలుగైదేళ్ల గెలుపులో పెద్ద వాటా దీనిదే.

పతనానికి బీజం కూడా అందులోనే ఉంది. మీరు నా స్క్రాప్‌బుక్‌లో ఏదైనా అడిగితే, నేను జవాబు మీ స్క్రాప్‌బుక్‌లోకి వెళ్లి రాయాలి. ప్రశ్న ఒక ఇంట్లో, జవాబు ఇంకో ఇంట్లో. మూడో మనిషికి ఆ సంభాషణ అర్థం కావాలంటే రెండు పేజీలు పక్కపక్కన తెరుచుకుని వరస కలుపుకోవాలి. నలుగురు కలిసి ఒక విషయం మాట్లాడుకోవడం దాదాపు అసాధ్యం. ఉద్యోగం వచ్చిందన్న కబురు నలభై మందికి చెప్పాలంటే నలభై స్క్రాప్‌బుక్కుల్లో అతికించాలి. పండగ వచ్చిందంటే మిలమిల మెరిసే అక్షరాల గ్రీటింగులు వందల కొద్దీ వచ్చి పడేవి. నిన్న స్నేహితుడు అడిగిన అసలు ప్రశ్న వాటి కింద ఎక్కడో కూరుకుపోయేది.

ఆర్కుట్ అసలు బలం కమ్యూనిటీలు. కాలేజీ, బ్యాచ్ సంవత్సరం, ఊరు, అభిమాన హీరో, ఇష్టమైన టిఫిన్, దేని మీదైనా ఒకటి ఉండేది. ప్రొఫైల్లో కుడి పక్కన తొమ్మిది గళ్లలో స్నేహితుల ఫొటోలు, వాటి కింద తొమ్మిది గళ్లలో కమ్యూనిటీల బొమ్మలు. ఆ కింది గళ్లు చూస్తే మనిషి తీరు తెలిసిపోయేది. ఊరొదిలి హైదరాబాదుకో అమెరికాకో వెళ్లినవాళ్లు చిన్నప్పటి బడి పేరు కొట్టి పాత స్నేహితులను పట్టుకోగలిగింది ఈ కమ్యూనిటీల వల్లే. ఫేస్‌బుక్‌లో ఒక స్నేహితుడి ద్వారా ఇంకో స్నేహితుడు దొరుకుతాడు. ఆర్కుట్‌లో ఒక్కరూ తెలియకపోయినా ఊరి పేరు తెలిస్తే చాలు. ఈ విషయంలో దానికి సాటి వచ్చే సైటు తర్వాత రాలేదని మా అభిప్రాయం. ఫేస్‌బుక్ గ్రూపుల్లో మనుషులున్నారు గానీ, ప్రొఫైలు ముఖాన కనబడే ఆ గుర్తింపు లేదు.

కమ్యూనిటీలకూ లోపం లేకపోలేదు. చేరడానికి ఒక్క క్లిక్కు చాలు కాబట్టి బ్యాడ్జీల్లా ఏరుకునేవారు. రెండు వందల కమ్యూనిటీల్లో పేరున్నా రెండింట్లో కూడా మాట్లాడనివాళ్లే ఎక్కువ. కొత్త చర్చ మొదలైందన్న కబురు సభ్యుడి ముంగిట్లోకి వచ్చేది కాదు, సభ్యుడే లోపలికి వెళ్లి వెతుక్కోవాలి. యజమాని లాగిన్ అవడం మానేశాడంటే చెత్త ప్రకటనలు తీసే దిక్కుండదు. పదివేల మంది సభ్యులున్న చోట అడిగిన ప్రశ్న వారం రోజులు జవాబు లేకుండా పడి ఉంటే, అడిగినవాడు రెండోసారి అడగడు.

భద్రత సంగతి మరీ ముఖ్యం. దీన్ని చాలా విశ్లేషణలు పక్కన పెట్టేస్తాయి. మొదట్లో ఫొటోలు, స్క్రాపులు లోకమంతటికీ తెరిచే ఉండేవి. అమ్మాయిల ఫొటోలు ఎత్తుకుపోయి నకిలీ ప్రొఫైళ్లు పెట్టడం మన దేశంలో పెద్ద బెడద అయింది. మీ ప్రొఫైల్ ఎవరు చూశారో చూపించే జాబితా ఒకటి ఉండేది, చూసినవాళ్లకు అది సరదా, చూపబడినవాళ్లకు బెరుకు. తాళాలు వేసుకునే వీలు తర్వాత వచ్చింది గానీ, అప్పటికే ఎందరో అమ్మాయిలు సొంత ఫొటో తీసేసి పువ్వో, పసిపాప బొమ్మో, సినిమా తార ఫొటోనో పెట్టేసుకున్నారు. ఇంకొందరు రాయడమే మానేశారు. క్లాసులో సగం మంది నోరు మూసుకుంటే మిగతా సగానికి జవాబులు ఎక్కడినుంచి వస్తాయి? వేధింపు బాధితులను మాత్రమే తరమదు, వాళ్లతో మాట్లాడదామని వచ్చినవాళ్లను కూడా తరిమేస్తుంది. 2010 సెప్టెంబరులో ‘బోమ్ సాబదో’ అనే వార్మ్, అంటే దానంతట అదే పాకే వైరస్ లాంటిది, వచ్చింది. ఆ పేరుకు పోర్చుగీసులో శుభ శనివారం అని అర్థం. సోకిన ఖాతాల నుంచి స్నేహితులందరికీ దానంతట అదే స్క్రాపులు పంపేది. స్నేహితుడి స్క్రాపు తెరవడానికి కూడా భయపడే స్థితి అది.

ఇప్పుడు ఇదే కొలతతో ఫేస్‌బుక్‌ని చూద్దాం. 2006 సెప్టెంబరులో అది న్యూస్ ఫీడ్ పెట్టింది. మొదట్లో వాడేవాళ్లే గట్టిగా వ్యతిరేకించారు, అయినా తీయలేదు. ఫీడ్ చేసిన మార్పు చాలా సూటి. ఒకసారి రాస్తే స్నేహితులందరి ముంగిట్లో పడుతుంది. జవాబులన్నీ దాని కిందే వరసగా ఉంటాయి. జవాబిచ్చిన వెంటనే రాసినవాడికి నోటిఫికేషన్, కావాలంటే ఈమెయిల్. ఆర్కుట్‌లో నలభై చోట్ల అతికించాల్సిన కబురు ఇక్కడ ఒక్క పోస్టు. పైగా ఒకరికొకరు తెలియని స్నేహితులు ఆ పోస్టు కింద కలుసుకుంటారు. ఈ ఒక్క తేడాను ఆర్కుట్ ఎప్పటికీ అందుకోలేకపోయింది.

మన దేశంలో మిగతావీ కలిసొచ్చాయి. 2009 మేలో ఫేస్‌బుక్ తెలుగుతో సహా ఆరు భారతీయ భాషల్లో మెనూలు తెచ్చింది. ఆ జూన్‌లోనే ఫామ్‌విల్ ఆట వచ్చింది. పొలం వేసుకోవాలంటే పక్క పొలంవాడు కావాలి కాబట్టి, ఆడేవాళ్లే కొత్తవాళ్లను లాక్కొచ్చారు. 2010లో దేశంలో మొదటి ఆఫీసు హైదరాబాదులో తెరిచారు. ఆఫీసు వల్ల సైటు గెలిచిందని కాదు, అప్పటికే గాలి ఎటు వీస్తోందో వాళ్లకు తెలుసు.

ఇంటర్నెట్ వాడకాన్ని లెక్కగట్టే కామ్‌స్కోర్ సంస్థ 2010 జులై లెక్కలు జాగ్రత్తగా చదవాలి. ఆ నెల దేశంలో ఫేస్‌బుక్ చూసినవాళ్లు 2.09 కోట్లు, ఆర్కుట్ చూసినవాళ్లు 1.99 కోట్లు. ఏడాదిలో ఫేస్‌బుక్ 179 శాతం పెరిగింది. ఆర్కుట్ కూడా 16 శాతం పెరిగింది! తగ్గుతున్న సైటు కాదది, పెరుగుతూనే ఓడిపోయింది. సందర్శకుల సంఖ్యను మాత్రమే చూస్తూ కూర్చున్న కంపెనీకి ఆ రోజున ప్రమాదం కనబడి ఉండదు. పాత స్క్రాపులు చూసుకోవడానికి వచ్చేవాళ్లూ లెక్కలోకి వస్తారు. ఎన్ని ప్రశ్నలకు ఒక రోజులోగా జవాబు వచ్చిందన్నది లెక్కపెట్టి ఉంటే ముందే తెలిసేది.

ఆ సమయంలో ఆర్కుట్‌కు మరమ్మతు కూడా తేడాగా చేశారు. 2009 అక్టోబరులో కొత్త ఆర్కుట్‌ని విడుదల చేసి, దాన్ని మళ్లీ ఆహ్వానం ఉన్నవాళ్లకే ఇచ్చారు. 2004లో ఆహ్వానం జనాన్ని దగ్గర చేసింది. 2009లో అదే ఆహ్వానం అప్పటికే ఒకచోట ఉన్న స్నేహితులను కొత్త ఇంట్లోవాళ్లు, పాత ఇంట్లోవాళ్లు అని విడదీసింది. కొత్తదాంట్లో ఉన్నవాడికి కనబడేది పాతదాంట్లో ఉన్నవాడికి కనబడదు. ఇరుగున ఫేస్‌బుక్ తలుపులు బార్లా తెరిచి ఉన్నప్పుడు ఇలా చేయకూడదు. చివరికి 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది.

జనం సైటును ఎలా వదులుతారన్నది ఫ్రెండ్‌స్టర్ కథలో ఇంకా బాగా కనబడుతుంది. జొనాథన్ అబ్రామ్స్ 2002లో మొదలుపెట్టిన ఈ సైటును కొంటామని 2003లో గూగుల్ 3 కోట్ల డాలర్లు ఇవ్వజూపితే ఆయన కాదన్నాడు. దాని ప్రత్యేకత, స్నేహితులు, వాళ్ల స్నేహితులు అంటూ నాలుగు మెట్ల దాకా బంధాన్ని చూపించడం. ఎవరికైనా యాభై మంది చొప్పున స్నేహితులుంటే నాలుగో మెట్టుకు లక్షల దారులవుతాయి. ఎవరి పేజీ తెరిచినా ఆ లెక్క వేయాలి. సర్వర్లు మోయలేకపోయాయి, పేజీ తెరుచుకోవడానికి 40 సెకన్ల దాకా పట్టిన రోజులున్నాయి. జవాబు చూడటానికి 40, బదులు రాయడానికి ఇంకో 40 సెకన్లు ఆగమంటే ఎవరు ఆగుతారు? అదే సమయంలో పక్కన మైస్పేస్ అనే పోటీ సైటు ఉంది. అయితే సర్వర్లు కూలడమే చావుకు కారణమైతే ట్విట్టర్ ఎప్పుడో పోవాలి. మొదటి ఏళ్లలో అది పదే పదే మొరాయించి, పేజీకి బదులు తిమింగలం బొమ్మ చూపించేది. జనం మళ్లీ మళ్లీ వచ్చారు, ఎందుకంటే వాళ్లకు కావలసిన మనుషులు వేరే ఎక్కడా లేరు. పోవడానికి ఇంకో చోటు ఉన్నప్పుడే నిదానం ప్రాణం తీస్తుంది.

2013లో జ్యూరిక్‌లోని ఇ.టి.హెచ్. విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫ్రెండ్‌స్టర్‌కు శవపరీక్ష లాంటి అధ్యయనం చేశారు. వాళ్లు వాడిన భావన పేరు కె-కోర్. సులువుగా చెప్పాలంటే ఇలా. ప్రతి మనిషికీ ఒక కనీస సంఖ్య ఉంటుంది. ఇంతమంది స్నేహితులు చురుగ్గా ఉంటేనే తనకు గిట్టుబాటు, అంతకన్నా తగ్గితే రావడం మానేస్తాడు. మీ కనీసం ఐదు అనుకుందాం, మీకు సరిగ్గా ఐదుగురున్నారు. అందులో ఒకడు పోయాడు, మీరూ పోతారు. మీరు పోవడంతో మీ మీద ఆధారపడ్డ నలుగురి లెక్క తగ్గుతుంది, వాళ్లూ పోతారు. చెరువు కట్టకు గండి పడ్డట్టు ఒక దాని వెంట ఒకటి. సభ్యుల మొత్తం కోట్లలో ఉన్నా, ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు చొప్పున పలచగా ఉంటే ఆ సైటు కట్ట బలహీనమే. తక్కువమంది ఉన్నా ఒక్కొక్కరికి ఇరవై మంది చొప్పున దట్టంగా అల్లుకుని ఉంటే పది మంది పోయినా తట్టుకుంటుంది.

ఫేస్‌బుక్ మొదలుపెట్టిన పద్ధతి ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. 2004 ఫిబ్రవరిలో హార్వర్డ్ ఒక్కదానితో ప్రారంభమైంది, ఆ కాలేజీ ఈమెయిల్ ఉంటేనే ప్రవేశం. నెల తిరిగేసరికి అక్కడి డిగ్రీ విద్యార్థుల్లో సగం మంది చేరారు. ఆ తర్వాతే స్టాన్‌ఫర్డ్, కొలంబియా, యేల్. ఒక మడి పూర్తిగా తడిశాక పక్క మడికి నీళ్లు మళ్లించడం లాంటిది. అందరికీ తలుపులు తెరిచింది 2006 సెప్టెంబరులో. కొత్త సభ్యుడికి పది రోజుల్లో ఏడుగురు స్నేహితులు దొరికేలా చేయడమే తమ గురి అని ఆ కంపెనీలో సభ్యుల పెరుగుదల విభాగాన్ని నడిపిన చమత్ పలిహపితియ తర్వాత బహిరంగంగా చెప్పాడు. కొత్తగా ఏదైనా కట్టేవాళ్లు గోడ మీద రాసి పెట్టుకోదగ్గ అంకె అది.

మైస్పేస్ గురించి క్లుప్తంగా. 2005లో న్యూస్ కార్ప్ అనే మీడియా సంస్థ 58 కోట్ల డాలర్లకు దాని మాతృసంస్థను కొంది. 2006లో గూగుల్‌తో 90 కోట్ల డాలర్ల ప్రకటనల ఒప్పందం కుదిరింది, అది పేజీలు ఎన్నిసార్లు తెరుచుకుంటాయన్న హామీ మీద నడిచే ఒప్పందం. ప్రతి క్లిక్కూ డబ్బైతే, క్లిక్కులు తగ్గించే మార్పు ఎవరు చేస్తారు? పేజీలు బరువెక్కాయి. 2011లో సుమారు 3.5 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

గూగుల్ ప్లస్ తయారీ పనితనం చూస్తే ఇవాల్టికీ మెచ్చుకోవాలనిపిస్తుంది. ఫొటోలు చక్కగా కనబడేవి, వీడియో హ్యాంగవుట్లు బాగుండేవి, సర్కిళ్లు అనే ఆలోచన ఆఫీసువాళ్లను, చుట్టాలను వేరు చేసేది. చిక్కంతా సర్కిళ్లలోనే. రెండు వందల మందిని డబ్బాల్లో సర్దుకునే చాకిరీ కొత్తగా వచ్చినవాడి నెత్తిన పడింది. మీరు నన్ను సర్కిల్లో పెట్టుకున్నా నేను పెట్టుకోకపోతే మీ మాట నా ముంగిట్లోకి రాదు. ఎవరు చదువుతారో తెలియని చోట రాయడానికి చేయి ఆడదు. 2013లో యూట్యూబ్ కామెంట్లు పెట్టాలంటే ప్లస్ ఖాతా కావాలన్నారు. ఖాతాలు పెరిగాయి, మాటలు పెరగలేదు. 90 శాతం సందర్శనలు ఐదు సెకన్లు కూడా ఉండడం లేదని 2018లో గూగుల్ తానే ఒప్పుకుంది. 2019 ఏప్రిల్ 2న మామూలు వినియోగదారులకు మూసేసింది. ఖాతా ఉన్నవాళ్లను సభ్యులుగా లెక్కపెట్టడం ఎంత మోసపు లెక్కో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

కూ విషయంలో మాత్రం బాధ కలుగుతుంది, అది మన భాషల కోసం కట్టినది కాబట్టి. అప్రమేయ రాధాకృష్ణ, మయాంక్ బిదావత్కా 2020 మార్చిలో బెంగళూరులో కన్నడంతో మొదలుపెట్టారు. ఆ ఏడాదే కేంద్ర ప్రభుత్వపు ఆత్మనిర్భర్ యాప్ పోటీలో గెలిచింది. తెలుగు ఎంచుకుంటే ఫీడంతా తెలుగే. మెనూల మీద తెలుగు పూత పూసి లోపల ఇంగ్లీషు పెట్టిన సరుకు కాదు. ఒకే పోస్టును పలు భాషల్లోకి మార్చి పెట్టే సౌకర్యం కూడా తర్వాత చేర్చారు. తయారీలో శ్రద్ధ కనబడుతుంది.

జనం వచ్చిన తీరు చూస్తే అసలు చిక్కు తెలుస్తుంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రానికీ ట్విట్టర్‌కూ గొడవ వచ్చినప్పుడు మంత్రులు, శాఖలు కూలో ఖాతాలు తెరిచారు, వెనక జనం వచ్చారు. ఆ జూన్‌లో నైజీరియా ట్విట్టర్‌ని నిషేధిస్తే అక్కడ కొందరు చేరారు. 2022 నవంబరులో బ్రెజిల్‌లో 48 గంటల్లో 10 లక్షల డౌన్‌లోడ్లు. ఎక్కువగా ఇంకో చోట మీద కోపంతో వచ్చినవాళ్లే. కోపం చల్లారాక కూర్చోబెట్టడానికి తెలిసిన ముఖాలు కావాలి. తిరునాళ్లకు వచ్చిన జనాన్ని ఊరి జనాభాలో కలిపి లెక్కపెడితే ఎలా?

రెండోది, ప్రముఖులు కూకి వచ్చారు గానీ ట్విట్టర్‌ని వదల్లేదు. అదే పోస్టు రెండు చోట్లా పడేది. రోడ్డు మీద గుంత గురించో, ట్రాఫిక్ గురించో, ఆస్పత్రిలో మంచం గురించో ఫిర్యాదు చేసేవాడికి జవాబు దొరికేది ట్విట్టర్‌లోనే. తెలంగాణలో మంత్రిగా ఉండగా కేటీఆర్ జనం ప్రశ్నలకు జవాబులిచ్చిందీ అక్కడే. పలికే చోటు ఒకటి ఉండగా పలకని చోట ఎవరూ అడగరు. పైనుంచి జనాన్ని దింపాలన్న ఆలోచన కూకి చాలా నష్టం చేసింది. పెద్దమనుషులు పోస్టులు ఇస్తారు, జవాబులు ఇవ్వరు. జవాబులు ఇచ్చుకునేది పక్కపక్కన కూర్చునే మామూలు జనం.

మూడోది సంఖ్య. కూ అత్యున్నత దశలో రోజువారీ వాడేవాళ్లు 21 లక్షలని, నెలవారీ కోటి మంది అని స్థాపకులు వీడ్కోలులో రాశారు. వినడానికి పెద్దదే. పది భాషలకు సమానంగా పంచినా భాషకు 2 లక్షలు. ఆ 2 లక్షల్లో మీ జిల్లా, మీ వృత్తి, మీ అభిరుచి ఉన్నవాళ్లు ఎంతమంది తేలతారు? కె-కోర్ లెక్కలో ఇది చాలా పలచన. ఒక్క తెలుగులో, లేదా ఒక్క కన్నడంలో, అదీ ఒక వర్గంలో దట్టంగా అల్లుకునే దాకా ఆగి ఉంటే వేరేగా ఉండేదేమో. కానీ టైగర్ గ్లోబల్, యాక్సెల్ లాంటి పెట్టుబడిదారుల నుంచి 6 కోట్ల డాలర్లకు పైగా తీసుకున్న సంస్థకు ఆగే తీరిక ఉండదు. పెట్టుబడులు ఎండిపోయాయి, వార్తల యాప్ డెయిలీహంట్‌తో కలవాలన్న చర్చలు ఫలించలేదు, 2024 జులై 3న మూసివేత ప్రకటించారు.

షేర్‌చాట్ ఇదే బెంగళూరు నుంచి, ఇదే భాషల మీద నిలబడింది. కారణం దాని పుట్టుకలో ఉంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ముగ్గురు, వాట్సాప్ గ్రూపుల్లో చేర్చమని జనం ఫోన్ నంబర్లు బాహాటంగా రాసి పెట్టడం గమనించారు. జనానికి మాట్లాడుకునే చోటు వాట్సాప్‌లో ఉంది, పంచుకోవడానికి సరుకు లేదు. శుభోదయం బొమ్మ, దేవుడి పటం, జోకు, స్టేటస్ వీడియో తెలుగులో దొరికితే ఒక్క నొక్కుతో వాట్సాప్‌కు పంపేలా చేశారు. యాప్‌లో మీకు ఒక్క స్నేహితుడూ లేకపోయినా మొదటి రోజే పనికొస్తుంది. జవాబు వాట్సాప్‌లో మీ పిన్ని ఇస్తుంది! పలికే మనుషులను తాను పోగుచేయకుండా, ఉన్న చోటికి సరుకు చేర్చిందన్నమాట. ఇంగ్లీషును అసలు పెట్టకపోవడం కూడా తెలివైన పని, ఇంగ్లీషు ఉంటే చదువుకున్నవాళ్ల గొంతు మిగతావాళ్లను వెనక్కి నెట్టేది. అయితే స్నేహితులతో కూర్చునే చోటుగా మాత్రం షేర్‌చాట్‌కు తక్కువ మార్కులే. 

గదుల్లో చేరి గొంతుతో మాట్లాడుకునే యాప్ క్లబ్‌హౌస్ 2020లో ఐఫోన్లకే వచ్చి, మన దేశంలో ఆండ్రాయిడ్‌కు 2021 మేలో చేరింది. లాక్‌డౌన్ రాత్రుల్లో తెలుగు గదులు కిటకిటలాడాయి. మాట్లాడితే అప్పటికప్పుడే జవాబు కాబట్టి మా కొలతలో దానికి పూర్తి మార్కులు, కానీ ఆ గంటలో మీరు అక్కడ ఉంటేనే. ఆఫీసులు తెరుచుకోగానే ఆ గంట దొరకలేదు. అలాంటి మాటల గదులే ఉన్న ట్విట్టర్ స్పేసెస్ అప్పటికే వచ్చేసింది, వక్తల అనుచరులూ అక్కడే ఉన్నారు.

వాట్సాప్‌కు స్నేహితులను వెతికే పనే లేదు, ఫోన్‌లోని నంబర్ల పుస్తకమే దాని నెట్‌వర్కు. ఫేస్‌బుక్‌లో స్నేహితుల పోస్టులు చూసే సమయం 22 నుంచి 17 శాతానికి పడిపోయిందని 2025లో అమెరికా కోర్టులో దాని మాతృసంస్థ మెటా స్వయంగా చూపించింది. మిగతాదంతా ముక్కూమొహం తెలియనివాళ్ల వీడియోలు. 2006లో ఫేస్‌బుక్‌ని గెలిపించిన గుణం దానిలో ఇప్పుడు పలచబడుతోంది, ఇంటి కబుర్లు వాట్సాప్ గ్రూపులకు తరలిపోయాయి.

పూర్వ విద్యార్థుల సంఘానికో, ఊరి సంఘానికో, సాహిత్య బృందానికో చోటు ఎంచుకునేవాళ్లు యాప్ రేటింగులు చూడటం మాని ఇలా పరీక్షించుకోవచ్చు. మీ జాబితాలో తరచూ మాట్లాడుకునే ముప్ఫై మంది పేర్లు రాయండి. వాళ్లలో ఇరవై మందికి ఏ యాప్ ఇప్పటికే ఫోన్‌లో ఉందో అదే ఎంచుకోండి, కొత్తది ఎంత బాగున్నా సరే. ముందు ఆ ముప్ఫైమందితోనే మొదలుపెట్టండి. అయిదు వందల మందిని ఒకేసారి చేరిస్తే మొదటి రోజే అపరిచితుల గుంపు అవుతుంది, రాయాలనుకున్నవాడు జంకుతాడు. మొదటి రెండు వారాలు ఏ పోస్టు పడినా గంటలోపు బదులిచ్చే బాధ్యత ఇద్దరు తీసుకోవాలి. తెలుగు టైపు రానివాళ్లకు గూగుల్ కీబోర్డు యాప్ జీబోర్డులో తెలుగు చేర్చి, మైకు నొక్కి మాట్లాడితే అక్షరాలవుతాయని ఒక్కసారి చూపిస్తే చాలు, మౌనంగా ఉండే పెద్దవాళ్లు రాయడం మొదలుపెడతారు. వాట్సాప్ అయితే కమ్యూనిటీ పెట్టి, ప్రకటనల గ్రూపును, కబుర్ల గ్రూపును వేరు చేయండి. ఈ రెండూ కలిస్తే శుభోదయం బొమ్మల కింద సమావేశం తేదీ కనబడకుండా పోతుంది, ఆర్కుట్ స్క్రాప్‌బుక్‌లో జరిగినట్టే. నెల తర్వాత సభ్యుల సంఖ్య చూడకండి. అడిగిన పది ప్రశ్నల్లో ఎన్నింటికి ఆ రోజే జవాబు వచ్చిందో లెక్కపెట్టండి. ఐదు కన్నా తక్కువైతే కొత్తవాళ్లను చేర్చడం ఆపి, ఉన్నవాళ్లలో ఎవరు ఎందుకు మాట్లాడటం లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంకొక్క జాగ్రత్త, దాచుకోవడం. ఆర్కుట్ మూశాక గూగుల్ తన టేకవుట్ అనే సేవ ద్వారా స్క్రాపులు, ఫొటోలు దించుకోవడానికి 2016 సెప్టెంబరు దాకా గడువిచ్చింది, అందరూ అలా ఇవ్వరు. 2015 దాకా పెట్టిన పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని మైస్పేస్ 2019లో చెప్పింది. ఫేస్‌బుక్ సెట్టింగుల్లో ‘మీ సమాచారం’ విభాగం నుంచి మొత్తం కాపీ కోరవచ్చు. కాపీ తయారయ్యాక లింకు కొద్ది రోజులే పనిచేస్తుంది, వెంటనే దించుకోవాలి. చదువుకోవడానికైతే బ్రౌజర్‌లో తెరుచుకునే హెచ్‌టీఎంఎల్ రూపం ఎంచుకోండి. వాట్సాప్‌లో గ్రూపు తెరిచి ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కితే మీడియాతో అయితే చివరి 10,000 సందేశాలు, మీడియా లేకుండా అయితే 40,000 వస్తాయి. చురుకైన గ్రూపుకు ఆ పదివేలు మూడు నాలుగు నెలల్లోనే నిండిపోతాయి కాబట్టి, మూడు నెలలకోసారి తీసి తేదీ వేసి పెట్టుకోవాలి.